చదరంగ ఫలకం నుంచి వెలుగు తెరకు

పుదుచ్చేరికి పడమటి దిక్కున, తిరుక్కామేశ్వర స్వామి ఆలయంతో ప్రసిద్ధిగాంచిన విల్లియనూరు ఉన్నది. అక్కడి నుంచి పుదుచ్చేరి మీదుగా తీరపు రహదారి వెంట ఉత్తరంగా సుమారు నూరు కిలోమీటర్లు సాగితే మహాబలిపురం వస్తుంది. 2022 జూలై, ఆగస్టు మాసాలలో 44వ చదరంగ ఒలింపియాడ్ అక్కడ జరిగింది. కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక సభ్యులుగా ఉన్న భారత మహిళా జట్టు కాంస్య పతకం గెలుచుకున్నది. హారిక అప్పుడు నిండు గర్భిణి. చెన్నైలో పుట్టిన తెలుగు కుటుంబపు బిడ్డ దొమ్మరాజు గుకేశ్ మొదటి బల్లపై వ్యక్తిగత స్వర్ణం సాధించాడు. రెండు నెలలు గడిచాక అక్టోబరులో అదే గుకేశ్, నాటి ప్రపంచ విజేత మాగ్నస్ కార్ల్‌సన్‌ను ఒక టోర్నమెంటులో ఓడించాడు. ఈసారి ఇద్దరి మధ్య బల్ల లేదు. ఎవరి గదిలో వారు కంప్యూటరు తెర ముందు కూర్చున్నారు.

చదరంగం ఈ-స్పోర్ట్స్ కుటుంబంలో చేరిన వైనం ఈ రెండు దృశ్యాల నడుమ ఉన్నది.

మన సాహిత్యాభిమానులకు చదరంగం అనగానే బొడ్డుచర్ల తిమ్మన గుర్తుకు వస్తాడు. శ్రీకృష్ణదేవరాయలతో ఆడి గెలిచి, ఒక గ్రామాన్ని బహుమానంగా పొందాడని చాటుకథ. అందులోని చారిత్రక సత్యం ఎంతైనా, ఆటగానికి పోషకుడు కావాలన్న విషయం మాత్రం స్పష్టమే. ఆధునిక కాలంలో ఆ పోషణ కొంతవరకు లీగుల రూపంలో వచ్చింది.

2005లో అమెరికాలో నగరాల పేర్లతో జట్లు ఏర్పడి, అంతర్జాలం ద్వారా తలపడే చదరంగ లీగు ఒకటి మొదలైంది. 2017లో చెస్ డాట్ కామ్ సంస్థ దానిని ప్రో చెస్ లీగుగా మార్చి ప్రపంచ నగరాలన్నిటికీ తలుపులు తెరిచింది. ఢిల్లీ, ముంబయి జట్లు కూడా బరిలోకి దిగాయి. జట్టుకు నలుగురు. ప్రతి ఒక్కరూ ఎదుటి జట్టులోని నలుగురితోనూ ఆడాలి, అంటే ఒక్కొక్క పోరులో పదహారు ఆటలు. జట్టు సగటు రేటింగుకు గరిష్ఠ పరిమితి విధించడం ఈ లీగులోని తెలివైన ఏర్పాటు. ఒక మేటి గ్రాండ్‌మాస్టరును తీసుకున్న జట్టు, మిగిలిన స్థానాలను తక్కువ రేటింగు గల వర్ధమాన క్రీడాకారులతో నింపక తప్పేది కాదు. ఊరి పేరు మోసే జట్టు ఆ ఊళ్లోనే కూర్చుని ఆడవచ్చునన్న ఊహ ఎంతో ముచ్చటైనది. అయినా 2018లో ఆఖరి పోటీలను శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రేక్షకుల సమక్షంలోనే నిర్వహించారు.

2020లో కోవిడ్ మహమ్మారి ప్రపంచాన్ని ఇళ్లలో బంధించినప్పుడు ఈ బాట రాచబాటగా మారింది. ఆ వసంతంలో కార్ల్‌సన్ పేరిట జరిగిన పోటీకి బహుమతి మొత్తం 2,50,000 డాలర్లు. క్రీడాకారులందరూ ఇంటి నుంచే ఆడారు. దాని వెనుకనే ఏడాది పొడవునా సాగే పోటీల పరంపర ఏర్పడింది. 2022 సెప్టెంబరులో అందులోని ఒక పోటీలో వరంగల్లు యువకుడు ఎరిగైసి అర్జున్ అంతిమ సమరం వరకు వచ్చి, కార్ల్‌సన్ చేతిలో ఓడాడు.

అయితే ఈ రాజ్యంలో తీగ తెగితే ఆట తెగుతుంది. 2020 ఆగస్టులో ప్రపంచ సమాఖ్య ఫిడే జరిపిన ఆన్‌లైన్ ఒలింపియాడ్ అందుకు నిదర్శనం. హంపి, హారిక, పెంటేల హరికృష్ణ భారత జట్టులో ఉన్నారు. క్వార్టర్ ఫైనల్‌లో అర్మేనియా క్రీడాకారుని సంబంధం తెగిపోగా ఆ ఆట మనకు దక్కింది. అప్పీలు తిరస్కరించబడినందుకు ఆ జట్టు పోటీ నుంచి తప్పుకున్నది. సెమీఫైనల్‌లో పోలండ్‌పై నిర్ణాయక ఆటను హంపి గెలిచి జట్టును గట్టెక్కించింది. ఆగస్టు 30న రష్యాతో జరిగిన ఫైనల్‌లో, అంతర్జాల వ్యవస్థ ప్రపంచవ్యాప్తంగా విఫలమై, మన క్రీడాకారుల గడియారాలు వారి ప్రమేయం లేకుండానే కరిగిపోయాయి. చివరికి రెండు దేశాలనూ విజేతలుగా ప్రకటించారు. తీర్పు ఉదారమైనదే. కానీ అర్మేనియావారికి ఈ ఔదార్యం దక్కలేదన్న మాటను మనం మరవరాదు.

రెండవ చిక్కు విశ్వాసానికి సంబంధించినది. గదిలో ఒంటరిగా ఉన్న ఆటగాడు యంత్ర సహాయం తీసుకోలేదని ఎవరు పూచీ ఇవ్వగలరు? అదే ఏడాది ప్రో చెస్ లీగు నెగ్గిన జట్టు నియమోల్లంఘన కారణంగా బిరుదు కోల్పోయింది. రెండవ స్థానంలోని సెయింట్ లూయీ జట్టు విజేత అయింది.

అందుకే కాబోలు, తెర మీది చదరంగం మళ్లీ ఒకే కప్పు కిందికి చేరింది. 2025లో సౌదీ అరేబియా రాజధాని రియాద్‌లో జరిగిన ఈ-స్పోర్ట్స్ ప్రపంచ కప్‌లో, కాల్పుల ఆటల సరసన చదరంగానికి మొదటిసారిగా స్థానం లభించింది. బహుమతి మొత్తం 15 లక్షల డాలర్లు. ఒక్కొక్కరికి పది నిమిషాలు మాత్రమే. ఎత్తుకు ఎత్తుకూ అదనపు సెకన్లు కలపడమనే సంప్రదాయాన్ని తొలగించారు. గెలిచే స్థితిలో ఉన్నా కాలం చెల్లితే ఆట పోవచ్చు. నెమ్మదైన ఆలోచనను ప్రేమించేవారికి ఇది రుచించదు. ఈ వ్యాసకర్తకూ రుచించలేదు. క్రీడాకారులు వేదికపై ఎదురెదురుగా కూర్చుని, మధ్యనున్న కంప్యూటర్లలో పావులు నడిపారు. జెన్ జీ అనే ఈ-స్పోర్ట్స్ సంస్థ పక్షాన ఆడిన అర్జున్, సెమీఫైనల్‌లో అలీరెజా ఫిరూజా చేతిలో, మూడవ స్థానపు పోరులో హికారు నకముర చేతిలో ఓడి నాలుగవవాడిగా నిలిచాడు. కప్పు కార్ల్‌సన్‌ది. 2024 డిసెంబరు రేటింగు జాబితాలో విశ్వనాథన్ ఆనంద్ తరువాత 2800 దాటిన రెండవ భారతీయుడైన అర్జున్‌కు బల్లపై సాధించిన ఈ ఘనతే తెర మీద కూడా పోషకుణ్ణి సంపాదించి పెట్టిందనుకోవచ్చు.

మన దేశంలో 2022 డిసెంబరులో ఈ-స్పోర్ట్స్‌కు ప్రభుత్వ గుర్తింపు లభించింది. రియాద్ పోటీలు ముగిసిన మూడు వారాలకు, 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ ఆటల చట్టం, డబ్బు ఒడ్డి ఆడే ఆటలను నిషేధిస్తూ ఈ-స్పోర్ట్స్‌ను పోటీ క్రీడలుగా వేరుచేసింది.