కంపజిట్ట

కంపజిట్ట పొదలలో దాగి తిరిగే ఒక చిన్న వలస పక్షి. దీని శాస్త్రీయ నామం అక్రోసెఫాలస్ డ్యూమెటోరమ్. ఆంగ్లంలో బ్లైత్స్ రీడ్ వార్బ్లర్ అంటారు. ఇది అక్రోసెఫాలిడే కుటుంబానికి చెందినది. గుంటూరు జిల్లాలోని పొన్నూరు వంటి కృష్ణా పశ్చిమ డెల్టా ప్రాంతాలలో కాలువ గట్ల మీది పొదలు, చేల కంచెలు, పెరటి తోటలు శీతకాలంలో దీనికి అనువైన చోట్లు.

పేరు

కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ సంగ్రహాలయానికి 1841 నుండి 1862 వరకు పాలకుడుగా ఉన్న ఎడ్వర్డ్ బ్లైత్ (1810-1873) ఈ పక్షిని 1849లో శాస్త్రీయంగా వర్ణించాడు. లాటిన్ భాషలో డ్యూమెటోరమ్ అనగా "పొదల యొక్క" అని అర్థం. తెలుగులో కంప అనగా ముళ్ళపొద, జిట్ట అనగా చిన్న పిట్ట. ఆంగ్ల నామంలోని రీడ్ అనే మాట నీటి ఒడ్డున పెరిగే రెల్లు వంటి గడ్డిని సూచిస్తుంది. కాని ఈ పక్షి అటువంటి గడ్డికంటె పొదలనే ఎక్కువగా ఆశ్రయిస్తుంది. కనుక తెలుగు, లాటిన్ పేర్లే దీనికి సార్థకమైనవి.

లక్షణాలు

పొడవు సుమారు 13 సెంటీమీటర్లు. పైభాగం ఏ చారలూ లేని గోధుమ వర్ణంలోను, అడుగుభాగం వెలిసిన తెలుపులోను ఉంటుంది. కంటిపైన పొట్టి, లేత రంగు గీత కలదు. ఆడ, మగ పక్షులు ఒకే విధంగా ఉంటాయి. కీటకాలు, సాలీళ్ళు దీని ప్రధాన ఆహారం.

గుర్తింపు

ఈ పక్షి కనబడటం అరుదు, వినబడటం సులభం. పొద లోపలి నుండి ఆగి ఆగి "చెక్... చెక్" అని పొడిగా పలుకుతుంది. వరి చేలలోను, జమ్ములోను కనిపించే దీని దగ్గరి బంధువైన పాడీఫీల్డ్ వార్బ్లర్‌కు కంటిపైన గీత మరింత పొడవుగా, స్పష్టంగా ఉంటుంది.

వలస, సంతానోత్పత్తి

ఫిన్లాండ్, బాల్టిక్ దేశాలు మొదలుకొని రష్యా, మధ్య ఆసియా వరకు వేసవిలో సంతానోత్పత్తి చేస్తుంది. అక్కడ మగపక్షి రాత్రివేళ ఇతర పక్షుల కూతలను అనుకరిస్తూ పాడుతుంది. గుబురు మొక్కలలో నేలకు తక్కువ ఎత్తున దొప్ప వంటి గూడు కట్టి, సాధారణంగా 4 నుండి 6 గుడ్లు పెడుతుంది. ఆగస్టు, సెప్టెంబరు మాసాల నుండి భారత ఉపఖండానికి చేరుకొని, ఏప్రిల్, మే నాటికి తిరిగి వెళ్ళిపోతుంది.

మనుగడ

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దీనిని అంతరించే ప్రమాదం తక్కువగా ఉన్న జాతులలో చేర్చింది. అయితే శీతకాలంలో ఇవి గుంపులుగా ఉండవు. ఒక్కొక్క పక్షి కొంత చోటును తనదిగా చేసుకొని, ఇతర కంపజిట్టలను అందులోకి రానివ్వదు. అందువలన కాలువ గట్టు బాగుచేయుటకో, ముళ్ళకంచె స్థానంలో ఇనుప తీగ వేయుటకో చలికాలంలో పొదలను నరికివేస్తే, వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చిన పక్షి తన మేతనూ, చాటునూ ఒకేసారి కోల్పోతుంది. పనికిరాని కంపగా మనం భావించేదే దీనికి సుమారు ఏడెనిమిది నెలల నివాసం.