పద్దులో లేని ఉతుకుడు

తెలుగు స్త్రీలు రాసుకున్నవాటి కోసం వెతికేటప్పుడు మనం ఉత్తరాలు చూస్తాం, డైరీలు చూస్తాం, 1902లో మొదలైన హిందూసుందరి లాంటి పత్రికల పాత సంచికలు తిరగేస్తాం. చాకలి పద్దు పుస్తకాన్ని మాత్రం ఎవరం ఆ లెక్కలో వెయ్యం. మా నాయనమ్మ చేతిరాత నాకు దొరికింది అందులోనే. పిల్లల పాత నోటుబుక్కుల్లో మిగిలిన కాగితాలు చించి, దారంతో కుట్టుకున్న పుస్తకాలు. పైన తేదీ, కింద వరసగా పంచెలు నాలుగు, చీరలు మూడు, లాగులు ఆరు, దుప్పట్లు రెండు, దిండు గలీబులు నాలుగు. తిరిగొచ్చిన వాటికి పక్కన అడ్డగీత. రానివాటికి సున్నా చుట్టి, "తువ్వాలు రాలేదు" అని. నాలుగో తరగతితో చదువు మానేసిన మనిషి ఏళ్ళ తరబడి వారం వారం రాసిన రాత ఇది. ఇంకేదీ ఇంత క్రమంగా ఆమె రాయలేదు.

అలాగని వీటిని చూసి మురిసిపోవటానికీ లేదు. ఈ పద్దు నిండా ఉన్నది అనుమానం. పోయిన తువ్వాలు ఖరీదు ఎవరికిచ్చే దాంట్లోంచి తగ్గించాలో తేల్చటానికే ఆ పుస్తకం పుట్టింది. అవతల ఉన్న మనిషికి అక్షరాలు రావు. కానీ ఆమె దగ్గరా ఒక రాత ఉంది. ప్రతి ఇంటి బట్టకీ ఒక మూల నల్లజీడి రసంతో గుర్తు పెట్టేది. మా ఇంటి గుర్తు రెండు గీతలు, ఒక చుక్క. ఎన్ని ఉతుకులు పడినా ఆ నలుపు పోదు. ఊళ్ళో ఏ బట్ట ఎవరిదో ఆమె చూపుతోనే చెప్పగలిగేది. మా నాయనమ్మ పద్దు బీరువాలో దాచారు కాబట్టి నా చేతికొచ్చింది. ఆమె రాత బట్టతోపాటు చినిగిపోయింది.

పటమట అప్పటికి ఊరు. 1852-55 మధ్య కృష్ణ మీద ఆనకట్ట కట్టాక డెల్టాకు కాలవలొచ్చాయి. బందరు కాలవ రేవు దగ్గర చౌడు మట్టి కలిపి, బానలో ఉడకబెట్టి ఉబ్బ వేసి, బండకేసి బాది, నీలిమందు, గంజి పెట్టి తెచ్చిన బట్టలకి డబ్బులిచ్చేవాళ్ళు కాదు. కల్లంలో మేర కొలిచేవాళ్ళు. సాయంత్రం ఇంటింటికీ వచ్చి అన్నం, కూర పట్టుకెళ్ళేది. అడిగి తీసుకోవాల్సిన అన్నాన్ని కూలి అనాలా, దానం అనాలా అన్నది ఎప్పుడూ పెట్టేవాళ్ళే తేల్చారు. అదే కాలంలో నిజాం తెలంగాణలో ఈ పని వెట్టి. చిట్యాల ఐలమ్మ అక్కడి నుంచే వచ్చింది. 1986లో స్త్రీ శక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో ఆమె గొంతు ఉంది. 2024లో కోఠీ మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. పేరు ముందు 'చాకలి' అని వచ్చినా, ఆమె చరిత్రలోకి వచ్చింది భూమి కోసం విసునూరు దేశముఖ్‌ను ఎదిరించినందుకు. ఉతికిన ఏళ్ళకి ఆ చరిత్రలోనూ చోటు తక్కువే.

ఇక్కడ ఒక మాట. చాకలి, చాకిరీ ఒకే మాటలోంచి పుట్టాయని చాలామంది అనుకుంటారు. చాకిరీ పారసీ నుంచి వచ్చింది, చాకర్ అంటే సేవకుడు. చాకలి మన మాటే. రెంటికీ చుట్టరికం లేదు. ఉన్నట్టు అందరికీ తోచటంలోనే ఆ పనిని ఎలా చూశామో తెలుస్తుంది.

పద్దుల్లో ఏముందో చూడటం కంటే ఏం లేదో చూడటం నాకు ఎక్కువ ఉపయోగపడింది. లోబట్టలు లేవు. పసిపిల్లల పొత్తిగుడ్డలు లేవు. నెల నెలా వాడుకునే గుడ్డలు అసలే లేవు. అవి తెల్లారక ముందే ఎవరివి వాళ్ళు ఉతుక్కుని, ఎండ తగలని మూల, మరో బట్ట కింద ఆరేసుకునేవాళ్ళు. ఆడపిల్ల పెద్దమనిషయినప్పటి బట్టలు, పురిటి బట్టలు మాత్రం రజక స్త్రీ తీసుకెళ్ళాలి, అది ఆమె 'హక్కు'. మైలని మొయ్యటాన్ని హక్కు అని పిలిచిన తెలివి ఎవరిదో చెప్పనక్కర్లేదు. మా ఇంట్లో మడి లేదు. మడి ఉన్న ఇళ్ళల్లో మడి బట్టా పద్దుకెక్కేది కాదు. రేవుకి వెళ్ళొచ్చిన బట్ట ఎంత తెల్లగా ఉన్నా ఆ చెయ్యి తగిలింది కనక మళ్ళీ తడిపి ఆరేసుకోవాల్సిందే. అంటే అన్నిటికంటే పవిత్రమైనదీ, అన్నిటికంటే అపవిత్రమైనదీ కూడా ఇంట్లోనే, ఇంటి ఆడవాళ్ళ చేతుల మీదే ఉతుకుడయ్యాయి. ఇంట్లో చేత్తో ఉతుక్కోవటం డిటర్జెంట్లతో మొదలైందనుకుంటాం కానీ, అది ముందు నుంచీ ఉంది. కాగితం మీద లేదంతే.

మా నాయనమ్మ చివరి పద్దు 1986 వేసవిది. ఎందుకు ఆపేశావని ఒకసారి అడిగితే "కోడలొచ్చింది, సర్ఫొచ్చింది, ఇంక పద్దెందుకే" అంది. నేను చదివిన ఏ ఆర్థిక చరిత్రా ఇంత సూటిగా చెప్పలేదు. సర్ఫ్ 1959లోనే దేశంలోకి వచ్చింది కానీ మాలాంటి ఇళ్ళకి అందింది 1969లో అహ్మదాబాదులో పుట్టిన నిర్మా. ధరలో సర్ఫ్‌కి ఆమడ దూరం. అయినా మా వీధిలో ఏ పొడినైనా సర్ఫే అన్నారు. నైలాను, టెరిలీను బట్టలకి ఉబ్బ అక్కర్లేదు, గంజి అక్కర్లేదు, గంటలో ఆరతాయి. ఉప్పగా ఉండే మా బోరునీళ్ళల్లో సబ్బు విరిగిపోయేది, ఈ పొడి నురగొచ్చేది. 1985లో పటమట పంచాయతీని విజయవాడ నగరపాలక సంస్థలో కలిపేశారు. పొలాలు ప్లాట్లవుతూ ఉన్నాయి. కల్లం లేనిచోట మేర కొలిచేదెవరు? రేవుకి వెళ్ళిన కుటుంబాల్లో కొందరు ఇస్త్రీ బళ్ళు పెట్టుకున్నారు. ఆ రేవు బరువు నూతి పళ్ళెం పక్కన వాలుగా వేసిన బండ మీదికి, మా అమ్మ చేతిలోని ప్లాస్టిక్ బ్రష్షు మీదికి వచ్చింది.

ఆ బ్రష్షు గురించి కొంచెం చెప్పాలి. అరచేతంత ఉంటుంది, పైన చెక్కో ప్లాస్టిక్కో, కింద గట్టి నైలాను కుచ్చు. రేవులో పని నడుముదీ భుజానిదీ. బ్రష్ కొట్టటం మణికట్టు పని, గొంతుక్కూర్చుని చేసే పని. మా నాన్న ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో చేసేవాడు. ఆ చొక్కాలకి ముందు కిరసనాయిలు రాసి గ్రీజు వదిలించి, తర్వాత పొడిలో నానబెట్టి, కాలరుకీ చేతుల మడతలకీ బ్రష్ కొట్టి, బండకేసి నాలుగు బాదులు బాది, మూడు నీళ్ళు జాడించి, ఇద్దరుంటే ఇద్దరూ మెలిపెట్టి, లేకపోతే పంపుకి చుట్టి పిండి, దులిపి, దండెం మీద ఆరేయటం. కుచ్చు ఒకపక్కకి వాలిపోయిన బ్రష్షుని అంట్లు తోమటానికి మార్చేది. మా అమ్మ కుడి చెయ్యి వేళ్ళ సందులు చలికాలం తెల్లగా ఒరుసుకుపోయి ఉండేవి. పటమటలో ఆటోనగర్ మెకానిక్కుల ఇళ్ళల్లో నేను మాట్లాడిన స్త్రీలందరూ మొదట చూపించింది చేతులే. ఇంత పని జరిగిన ఇంట్లో దాని గురించి ఒక్క కాగితం లేదు. ఉతికింది పరాయి మనిషైనప్పుడు ప్రతి గలీబూ లెక్కపెట్టారు, ఇంటి మనిషవగానే లెక్క ఆగిపోయింది.

దేశమూ అదే చేసింది. జనాభా లెక్కల్లో ఇంటిపని చేసుకునే స్త్రీ పనిచేసే మనిషి కాదు. దేశమంతటికీ సమయ వినియోగ సర్వే జరిగింది 2019లో. జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకి సగటున 299 నిమిషాలు పెడుతుంటే, చేసే మగవాళ్ళు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది. 2024లో అవి 289, 88. స్త్రీలకి పది నిమిషాలు తగ్గాయి, మగవాళ్ళు తొమ్మిది తగ్గించుకున్నారు.

జాతీయోద్యమ చరిత్ర చదివేటప్పుడు కూడా నాకు ఇదే అడ్డం పడుతుంది. 1921లో బెజవాడలో జరిగిన కాంగ్రెస్ కమిటీ సమావేశం ఇరవై లక్షల రాట్నాలు తిప్పించాలని తీర్మానించింది. వడికిన స్త్రీలు చరిత్రలోకి వచ్చారు. ముతక ఖద్దరు తడిస్తే ఎంత బరువో ఎత్తినవాళ్ళకి తెలుసు. దాన్ని తెల్లగా ఉంచిందెవరో ఏ తీర్మానంలోనూ లేదు. గాంధీగారు దక్షిణాఫ్రికాలో తన కాలరు తను ఉతుక్కున్న సంగతి మాత్రం ఆత్మకథలో ఉంది, పిల్లలకి పాఠంగా చెబుతాం. మగవాడు ఒక కాలరు ఉతికితే అది సత్యశోధన.

అమెరికాలో ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బట్టలు లాండ్రీలకు వెళ్ళేవి, కరెంటు వాషింగ్ మెషిన్లొచ్చి వాటిని మళ్ళీ ఇంట్లోకి, ఇల్లాలి మీదికి తెచ్చాయని రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో 'మోర్ వర్క్ ఫర్ మదర్'లో రాసింది. మనకి మెషిన్ కంటే ముందే, బ్రష్షుతోనే అది జరిగిపోయింది. అదే దేశంలో 1881లో అట్లాంటా నగరంలో బట్టలుతికే నల్లజాతి స్త్రీలు సంఘం పెట్టుకుని సమ్మె చేశారు. ఇంటి ఇల్లాలు ఎవరి మీద సమ్మె చెయ్యాలి? ఎనభైల్లో టీవీలో సర్ఫ్ ప్రకటన లలితాజీ ఆమెకి ఒక గౌరవం ఇచ్చింది, తెలివిగా కొనే గౌరవం. లలితాజీ చెయ్యి తడిసినట్టు నాకు గుర్తు లేదు. మన సాహిత్యం ఇంతకంటే మెరుగు. ఇల్లు తుడుస్తూ తుడుస్తూ పేరే మర్చిపోయిన ఇల్లాలిని పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో చూపించింది. రంగనాయకమ్మ 'ఇంటిపని-బైటిపని' అని ఏకంగా పుస్తకమే రాసింది. అయితే ఆ ఇల్లాలు అలిసిపోయాక ఆ పని ఎవరి చేతికి వెళ్తుందన్న దగ్గర మనలో చాలామందిమి, నాతో సహా, గొంతు తగ్గిస్తాం.

మా ఇంటి చుట్టూ అపార్ట్‌మెంట్లొచ్చాయి. వాటిల్లో బండ ఉండదు, మెషిన్ ఉంటుంది. "మెషిన్ ఉందిగా, బట్టల పని లేదు" అని పనిమనిషి జీతం తగ్గించి మాట్లాడుకుంటారు. తీరా చేరాక కాలర్లకి బ్రష్ కొట్టి మెషిన్‌లో వెయ్యాలి, తీసి ఆరేయాలి, మడతపెట్టాలి, దుప్పట్లయితే చేత్తోనే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2007లో ఇంటిపనిని కనీస వేతనాల చట్టం కిందికి తెచ్చింది. 2011లో ఇంటిపనివారి కోసం వచ్చిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 189వ ఒడంబడికను భారతదేశం ఆమోదించలేదు. మా వీధిలో జీతం మాత్రం గుమ్మం దగ్గర బేరమే. మా అమ్మకి మణికట్టు పని మానేశాక మా ఇంటికి వచ్చే ఆమె సింగ్‌నగర్ నుంచి వస్తుంది. ఏడో తరగతి చదివింది. వాళ్ళింటి క్యాలెండర్ మీద, దుప్పట్లూ కర్టెన్లూ ఉతికిన రోజున ఇంటికో అక్షరం చొప్పున పెన్నుతో వేసుకుంటుంది. నెలాఖరున ఎవరైనా 'ఎప్పుడు ఉతికావమ్మా' అంటే ఫోనులో ఫొటో తీసుకొచ్చి చూపిస్తుంది.

2024 సెప్టెంబరు 1న బుడమేరు సింగ్‌నగర్ మీద పడింది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల నీళ్ళు వెళ్ళాయి, మునుపెన్నడూ అంత లేదు. నీళ్ళు తీశాక ఫైరింజన్లొచ్చి రోడ్లూ ఇళ్ళూ కడిగాయి. కింది అంతస్తు ఇళ్ళకి 25 వేల రూపాయల సాయం ప్రకటించారు. మునిగిన మెషిన్లు బాగుచెయ్యటానికి మనుషుల్ని పంపారు. బట్టలు మటుకు ఎవరివి వాళ్ళే చూసుకోవాలి, అంటే ఆడవాళ్ళు. ఆమె మూడు ఆటోల బట్టలు మా ఇంటికి తెచ్చుకుంది, మా బండ ఇంకా ఉంది కనక. నాయనమ్మ కాలం నాటి బండ మీద మూడు రోజులు, పొద్దున పనులయ్యాక కూర్చుని, బ్రష్ కొట్టింది. మొదటి రోజు ఆరు నీళ్ళు మార్చినా బకెట్టు అడుగున బురద దిగుతూనే ఉంది. పిల్లవాడి యూనిఫాం వదిలింది, పెళ్ళిచీర వదల్లేదు.

ఆ నెలాఖరున ఫోనులో క్యాలెండర్ చూపించింది. ఆ మూడు రోజుల గళ్ళూ ఖాళీగా ఉన్నాయి. "అవి మాయే కదండీ" అంది.