‘ఆవాజ్ ఖులేగీ’ అనే మాట వెనుక తారీఖ్

“200 గంటలు మోగనివ్వండి భాయ్, తర్వాత ఆవాజ్ ఖులేగీ.” కొత్త స్పీకర్ అమ్మే దుకాణందార్ల నోట ఈ మాట చాలాసార్లు విన్నాను. ఇందులో హకీకత్ ఎంత?

కొంత ఉంది. పాత 78 ఆర్‌పీఎం లక్క రికార్డుల్లో రాతిపొడి కలిపేవారు. ఆ గరుకుకు గ్రామఫోన్ స్టీలు ముల్లు మొదటి చుట్లలోనే అరిగి, గాడిలో సరిగ్గా కుదురుకునేది. తర్వాత ఇంకా అరిగి రికార్డునే పాడుచేసేది. అందుకే పాట పాటకూ ముల్లు మార్చేవారు. అంటే ఆవాజ్ ఖుల్నా అప్పట్లో సెకన్ల పని.

1925లో అమెరికాలో రైస్, కెలాగ్ అనే ఇంజనీర్లు నేటి స్పీకర్‌కు బునియాద్ వేశారు. అందులో కాగితపు కోన్‌ను పట్టి ఉంచే మెత్తని అంచు, కదిలేకొద్దీ కాస్త వదులవుతుంది. కొలిస్తే తెలిసే మార్పే, కానీ చిన్నది. చాలావరకు మొదట్లోనే అయిపోతుంది. వైర్లలో కదిలేదే లేదు, ఇక ఖులేది ఏమిటి?

మరి నెల తర్వాత బాగుందనిపించడం? అది చాలావరకు మన చెవికి పడ్డ ఆదత్. 1915 నుంచి ఎడిసన్ కంపెనీ గాయకుల పక్కనే ఫోనోగ్రాఫ్ పెట్టి మెహఫిల్‌లు నడిపింది. ఏది గొంతో, ఏది మెషీనో పోల్చుకోలేకపోయామని ఎందరో యఖీన్‌గా అన్నారు. ఆ రికార్డులు ఈరోజు వింటే ఫరక్ పిల్లలకూ తెలుస్తుంది.

అందుకే నా మష్వరా: వాపసు గడువు దాటేదాకా సబర్ చేయకండి. మీకు బాగా తెలిసిన గొంతును మొదటి వారంలోనే వినండి. నచ్చకపోతే తిరిగి ఇచ్చేయండి.