కరవునాటి కృప

పెద్దలారా, ధాత ఈశ్వర సంవత్సరముల కరవును గూర్చి మన తాతముత్తాతలు చెప్పుకొనిన మాటలు మీరు వినియే యుందురు. ఇంగ్లీషు లెక్కలో అది 1876 మొదలు 1878 వఱకు నుండెను. ఆ కరవునాట ఒంగోలు సీమలో జరిగిన యొక సంగతిని ఇప్పుడు ముచ్చటించెదను. అన్నము పెట్టు చేయియే దేవుని మాటయు వినిపించుచున్నప్పుడు, ఆకలిగొన్నవాడు దేనికొఱకు చేయి చాచుచున్నాడో తెలియుట యెట్లు? ఆ చిక్కే యీ కథకు మూలము.

ముందు కొంత పూర్వకథ చెప్పవలెను. అమెరికా బాప్తిస్టులు 1836లో తెలుగు దేశమునకు బోధకుని బంపిరి. 1840 నుండి నెల్లూరు వారికి స్థానమయ్యెను. ఏండ్లు గడచినను చేరినవారు బహు కొలదిమంది. ఇది వ్యర్థ ప్రయాస, మానుకొనుట మేలని అమెరికాలోని పెద్దలు పలుమారులు తర్కించిరి. 1853లో ఆల్బనీ నగరపు సభలో ఒకరు దేశపటమున నెల్లూరును జూపి, ఇది ఒంటి నక్షత్రమనగా ఆ పేరే మిషనుకు నిలిచిపోయెను. 1854 జనవరి 1వ తేది వేకువను జూయెట్ దొరగారు, వారి భార్య, నర్సు, జూలియా, రూతు అను మువ్వురు తెలుగు క్రైస్తవులు ఒంగోలు కొండ నెక్కి, ఈ యూరికి ఒక బోధకుని బంపుమని దేవుని వేడుకొనిరి. ఆ బోధకుడు వచ్చుటకు పండ్రెండేండ్లు పట్టెను. తరువాతి వేలమందికంటె ఆ యైదుగురియందే నాకు ప్రీతి హెచ్చు.

వచ్చినవారు జాన్ క్లౌ దొరగారు. యౌవనమున సర్వే పని నేర్చినవారు. 1866లో ఒంగోలు చేరిరి. మఱుసటి జనవరి 1న ఎనిమిదిమందితో సంఘమేర్పడెను. యెఱ్ఱగుంట్ల పేరయ్య యను మాదిగ కులస్థుడు, తోళ్ళ వర్తకుడు, యోగమార్గమున దేవుని వెదకి వెదకి తుదకు క్రీస్తును నమ్మి 1866లోనే బాప్తిస్మము పొందియుండెను. ఆయన మూలముగనే మాదిగపల్లెలలో బోధ వ్యాపించెను.

అంతలో వానలు తప్పెను. ప్రభుత్వమువారు జనులకు కూలి కల్పించుటకై బకింగ్‌హాము కాలువ త్రవ్వించుచుండిరి. క్లౌ దొరగారు అందులో మూడున్నర మైళ్ళ త్రవ్వకమును కంట్రాక్టుగా దీసికొనిరి. వెనుకటి సర్వే విద్య ఇచ్చట పనికివచ్చెను. ఇతర తావులలో మాదిగవారికి తిట్లును దెబ్బలును తప్పకుండెను. ఇచ్చట బోధకులే మేస్త్రీలు. విశ్రాంతి వేళల వారు కూలీల నడుమ గూర్చుండి, భారము మోయువారిని క్రీస్తు పిలిచిన పిలుపును వినిపించుచుండిరి. మన్నుగంప దించి కూర్చున్నవారికి ఆ మాటను వేఱుగ వివరింప నక్కఱలేదు.

వేలకొలది జనులు బాప్తిస్మము కోరిరి. దొరగారు ఇయ్యననిరి. తమ చేత కరవు సాయపు ధనమున్న పదునైదు నెలలును ఒక్కరికైనను ఇయ్యలేదు. కృప వెలలేని దానము. బియ్యము దానికి వెలయైనచో అడుగువాని విశ్వాసము దేవునిపై గాక దొరపై నిలుచును. దొర వెడలిపోయిన దినమున అదియు వెడలిపోవును. ఆకలితో వచ్చినవాని భక్తి కల్ల యని దీని యర్థము కాదు. ఆకలియు దైవచింతయు ఒక్క గుండెలోనే యుండవచ్చును. వానిని వేఱుచేయుట మనుష్యుల తరము గాదు గనుకనే ఆ తీర్పును కాలమునకు విడువవలసి వచ్చెను. కనిపెట్టుకొనియుండి ఆ నడుమనే మరణించినవారును ఉందురు. ఆ భారము తేలికైనది కాదు.

1878లో సాయము నిలిచెను. ఒంగోలుకు పది మైళ్ళ దూరమున, గుండ్లకమ్మ యొడ్డున, వెల్లంపల్లిలో జనులు గుంపులుగా గూడిరి. ఇక నిచ్చుటకు ఏమియు లేదని దొరగారు స్పష్టముగా జెప్పిరి. వారు కాయలు గాచిన యఱచేతులు చూపి, కష్టపడి బ్రదుకుదుము, మరల పంట తప్పినచో చత్తుము, క్రైస్తవులమై చత్తుము అనిరట. బోధకులు ఒక్కొక్కరిని ప్రశ్నించి, పేర్లు వ్రాసికొని నదికి నడిపించిరి. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది. ఆ సంవత్సరాంతమునకు ఆ లెక్క 9,606 అయ్యెను.

వీరు బియ్యమునకై మతము మార్చుకొనిరని నాడును అనిరి, నేడును అనువారు గలరు. కరవులో పొందిన యాదరణ వారి మనస్సును కదలింపలేదని నేను జెప్పను. కాని బియ్యము ముగిసిన పిమ్మటనే వారు నదిలో దిగిరను సంగతిని గూడ లెక్కలో వేసికొనవలెను.

జూలై 3వ తేదిని నీటిలో నిలిచి బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు. ఇద్దఱు అలసినప్పుడు ఇద్దఱు దిగుచు, ఉదయము కొన్ని గంటలు, మధ్యాహ్నము దాటిన వెనుక కొన్ని గంటలు ఆ పని నడపిరి. క్లౌ దొరగారు ఒక్కరికిని ఇయ్యలేదు. ఆయన ఒడ్డుననే యుండిరి. ఆ యాఱుగురును తెలుగు బోధకులే.