తామర వ్యాధి: దాని పూర్వచరిత్ర



రాజుల యుద్ధములను గూర్చియు, దేవాలయ శాసనములను గూర్చియు మీరు పెక్కు ప్రసంగములు వినియుందురు. నేడు నేను చెప్పబూనిన చరిత్ర యొక చర్మవ్యాధిది. దాని పేరు తామర. నలుగురిలో చెప్పుకొనుటకు సిగ్గుపడి, పంచె చాటున గోకుకొని, చీకటిలో మందు రాచుకొను వ్యాధి యిది. ఆ సిగ్గే దానికి పెట్టని కోట.

ఈ విషయమున నాకొక ఋణము కలదు. నేను బడిపంతులుగా చేరిన తొలి సంవత్సరములలో నొక బాలుని మెడపై తామర బిళ్ళ కనబడెను. వాని రక్తము చెడినదని తలచి, తక్కిన పిల్లలకు దూరముగా గోడయొద్ద కూర్చుండబెట్టితిని. వాడు వారము దినములు తలవంచుకొని వచ్చెను, పిదప రాలేదు. తండ్రితో గొడ్లు కాయబోయెనని వింటిని. వానికి కావలసినది కొన్ని వారముల మందు, ఉతికిన చొక్కా. నేనిచ్చినది అవమానము. ఈ వ్యాధి చరిత్రను చదువుటకు నన్ను పురికొల్పినది ఆ బాలుని ముఖమే.

మన ప్రాచీనులు దీనిని దద్రువనిరి. దురద, ఎఱ్ఱదనము, చిన్న పొక్కులు, ఉబ్బిన గుండ్రని మండలము, ఇవి దాని లక్షణములని చరకసంహిత చెప్పుచున్నది. చరకుడు దీనిని క్షుద్రకుష్ఠములలో చేర్చగా సుశ్రుతుడు మహాకుష్ఠములలో చేర్చెను. ఇచ్చట కుష్ఠమనగా చర్మవ్యాధులకెల్ల నుమ్మడి పేరే గాని నేటి కుష్ఠురోగ మొక్కటే కాదు. సుశ్రుతుడు మరియొక గొప్పమాట చెప్పెను. తాకిడివలనను, ఒకే పడకపై పరుండుటవలనను, ఒకరి వస్త్రములు, మాల్యములు, లేపనములు మరియొకరు వాడుటవలనను కుష్ఠాదులు మనుష్యునినుండి మనుష్యునికి సంక్రమించునట. మనము తగిరిస యను చెట్టుకు సంస్కృతమున దద్రుఘ్నమని పేరు. తామరను చంపునదని యర్థము. వ్యాధి రూపమును, అది ప్రాకు త్రోవను మనవారు చక్కగా కనిపెట్టిరి. కారణము మాత్రము వాతపిత్తకఫముల ప్రకోపమని తలచిరి. కంటికి కానరాని దానిని వారెట్లు చూడగలరు?

పాశ్చాత్యులును చిరకాల మీ చీకటిలోనే యుండిరి. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున రోమునగర గ్రంథకర్త సెల్సస్ తలపై లేచు తామరపుండ్లను వర్ణించెను. లాటిను భాషలో దీని పేరు టీనియా. బట్టలు కొరుకు చిమ్మటపురుగునకును అదే పేరు. ఆంగ్లేయులు రింగువర్మనిరి, అనగా ఉంగరపు పురుగు. మన పల్లెలలోను ఏదో పురుగు ప్రాకినదనియే యందురు. ఇంతకును దీనిలో పురుగు లేనే లేదు.

ఆ సత్యము బయటపడుటకు దారి తీసినది పట్టుపురుగు. ఇటలీలో పట్టుపురుగులు తెల్లని పొడి పూసినట్లు బిగిసి చచ్చుచుండెను. అగస్టీనో బాస్సీ యను నతడు పెక్కేండ్లు పరిశోధించి, ఆ చావునకు కారణమొక బూజు అని 1835లో ప్రకటించెను. ప్రాణి దేహముపై బూజు పెరిగి వ్యాధి కలిగించునను మాట నాటివారికి వింత. 1837లో బెర్లినునందు రాబర్ట్ రెమాక్ తలతామర పొక్కులను సూక్ష్మదర్శినిలో చూచి, బూజుపోగులవంటి వానిని కనుగొనెను. 1839లో షోన్‌లైన్ అను వైద్యుడు అవి శిలీంధ్రములే యని వ్రాసెను. 1841 మొదలుకొని పారిసులో డేవిడ్ గ్రూబీ యనునతడు స్వతంత్రముగా నదే కనుగొని, ఆ బూజును వేరొక చర్మమునకు అంటించి వ్యాధిని పుట్టించి చూపెను. రెండువేల యేండ్ల వాదమట్లు తీరెను. వ్యాధి రక్తదోషము కాదు, పాపఫలము కాదు. రొట్టెపై పట్టు బూజునకు దూరపు చుట్టము.

ఈ బూజు చర్మపు పైపొరను, గోరును, వెండ్రుకను తిని బ్రతుకును. నడుమ తిన్నచోట కొంత మానుచుండగా అంచున క్రొత్తమేతకై వెలుపలికి ప్రాకును; అందువలననే బిళ్ళ ఉంగరమువలె నుండును. వేడిమి, చెమట, తడి దానికి ఎరువు. గజ్జలు, చంకలు, మొలత్రాడు క్రింది చోటు, బురదలో నానిన కాలివ్రేళ్ళ సందులు దాని నెలవులు. లేగదూడలు, పిల్లులు, కుక్కలనుండియు అది మనకు సోకవచ్చును.

కారణము తెలిసిన పిదపనైనను మందు వెంటనే దొరకలేదు. ఆతురతవలన కీడును కలిగెను. 1904లో పారిసు వైద్యుడు సబురో తలతామర గల పిల్లల వెండ్రుకలను ఎక్సు కిరణములతో రాల్చు పద్ధతిని స్థిరపరచెను. నాటికది వరమువలె తోచెను. 1948 తరువాత ఇజ్రాయేలు దేశమునకు వలసవచ్చిన వేలకొలది పిల్లల కట్టి చికిత్స చేసిరి. 1974లో ప్రకటితమైన పరిశోధనవలన వారిలో తలలోని కంతులు అధికముగా పుట్టినట్లు తేలెను. 1994లో ఆ ప్రభుత్వము బాధితులకు పరిహార మిచ్చుటకు శాసనము చేయవలసి వచ్చెను. తామర ఎవ్వరిని చంపలేదు; దానిని తొందరగా పోగొట్టవలెనను తలంపు వారికి ముప్పు తెచ్చెను.

ఇంతలో 1939లో నొక బూజునుండియే గ్రిసియోఫల్విను అను ద్రవ్యమును తీసిరి. దానిని కడుపులోనికి పుచ్చుకొన్న తామర కుదురునని 1958లో తేలెను. ముల్లును ముల్లుతోనే తీసినట్లయ్యెను. పిమ్మట క్లోట్రిమజోలు, టెర్బినఫిను మున్నగు మందులు వచ్చెను. కథ యిచ్చట ముగియవలసినది. మన దేశమున ముగియలేదు.

నాకును కొన్నియేండ్ల క్రిందట తొడసందున తామర కలిగెను. అంగడిలో నడుగగా నొక గొట్టము నిచ్చిరి. రెండు దినములలో దురద యడగెను. మానితిని, మరల లేచెను. మరల రాచితిని. ఆరు మాసములకు బిళ్ళ నడుమువరకు ప్రాకి, చర్మము పలుచబడి చారలు పడెను. చర్మవైద్యుడు గొట్టము చూచి, “పంతులుగారూ, ఇందులో స్టెరాయిడు కలదు. ఇది మంట నార్పలేదు, పొగను మాత్రము కప్పినది” యనెను. స్టెరాయిడు దేహముయొక్క ప్రతిఘటనను అణచి దురదను మాన్పును. బూజు నిశ్చింతగా పెరుగును. ఇట్టి లేపనముల దుర్వినియోగమువలన దేశమున తామర మొండిదైనది. వైద్యుని చీటి లేనిదే పెక్కు స్టెరాయిడు లేపనములను అమ్మరాదని 2018లో ప్రభుత్వము నియమము చేసెను. మన ప్రాంతముల వ్యాపించిన శిలీంధ్రజాతి నొకదానికి 2020లో జపాను పండితులు ఇండోటినియే యని పేరిడిరి. మన దేశము పేరు ఒక తామరకు తగులుట మనకు కీర్తి కాదు. ఆ జాతిలో పెక్కు టెర్బినఫినునకు లొంగుట లేదు.

కావున పెద్దలు తమ యిండ్లలో నీ మాటలు చెప్పవలెను. తువ్వాలు, పంచె, దువ్వెన, పడక ఎవరివి వారికే యుండవలెను. ధరించిన బట్టలను వేడినీట నుతికి, తిరుగవేసి, గట్టియెండలో నారవేయవలెను. స్నానానంతరము సందులన్నియు పొడిగా తుడుచుకొని వదులైన నూలుబట్టలు కట్టవలెను. ఇంట నొకరికి తామర యున్న అందరిని చూపింపవలెను. లేనిచో ఒకరినుండి యొకరికి తిరుగుచుండును. లేపనమును బిళ్ళపైనే కాక అంచు దాటి రెండు వ్రేళ్ళ వెడల్పువరకు రాయవలెను. దురద పోయినను వైద్యుడు చెప్పిన గడువువరకు మానరాదు. పిల్లల తలలోని తామరకు పైపూత చాలదు. లోపలి మందు కావలెను. మధుమేహము గలవారు ఆలసింపరాదు. కిరసనాయిలు, ఆమ్లములు పూసి చర్మమును కాల్చుకొనరాదు. స్పర్శ తెలియని మచ్చ కనబడినచో అది తామర కాకపోవచ్చును. కుష్ఠురోగమేమో యని ప్రభుత్వాసుపత్రిలో చూపింపవలెను. దానికచ్చట ఉచితముగా మందు కలదు.

చివర నొక్కమాట. తామర గల బిడ్డకు చికిత్స మొదలుపెట్టినచో బడి మాన్పింప నక్కరలేదు. గోడయొద్ద కూర్చుండబెట్ట నక్కరలేదు. నేను చేసిన పొరపాటు మీ యూరిలో మరియొకరు చేయకుండుటకు మీరు పూనుకొన్నచో, నా ఋణము కొంతయైనను తీరును.