పురుగుమందు, కూలిజనము, చట్టము

1908లో మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచెత్తిన పిదప, ప్లేగు మొదలైన అంటువ్యాధులు ఇరుకు సందులలోని జనమును పీడించుచుండగా, ప్రజల ఆరోగ్యమునకు ప్రభుత్వము పూచీపడవలెనను తలంపుతో హైదరాబాదు సంస్థానము 1912లో ఆరాయిషె బల్దా అను నగరాభివృద్ధి సంస్థను నెలకొల్పెను. చార్మినారునకు ఉత్తరముగా రాతి కమానులతో బారులు తీరియున్న పత్తర్‌గట్టి ఆ సంస్థ నిర్మాణములలో ఒకటి. నేటికిని ఆ కమానుల క్రింద బట్టల బేరము సాగుచునే యున్నది; మదీనా కూడలి దాటి మూసీ ఒడ్డునకు మరలినచో 1920లో వెలసిన ఉన్నత న్యాయస్థానపు గుమ్మటములు కనబడును. నూలుబట్ట అమ్ముడగు అంగడియు, చట్టమును నిర్ణయించు భవనమును ఇంత చేరువగా నున్న ఈ తావునుండి, పత్తి పండిన చేనిలో విషము చల్లిన కూలికి ఆ విషమును గూర్చి ముందుగా తెలుపవలసిన బాధ్యత ఎవరిదని విచారించుట అసంగతము కాదు.

తెలుగునాట చీడపీడలను గూర్చి పుట్టిన తొలి శాసనములు మనుష్యుని దృష్టిలో నుంచుకొని పుట్టినవి కావు. పైరును దృష్టిలో నుంచుకొని పుట్టినవి. నాడు మద్రాసు రాజధానిలో చేరియున్న కోస్తా, రాయలసీమ జిల్లాలకు వర్తించిన 1919 నాటి వ్యవసాయ చీడల, తెగుళ్ల చట్టము, ప్రభుత్వము ప్రకటించిన చీడను తన భూమిలో నిర్మూలించు విధిని సాగుదారుని మీద మోపినది. అనగా ఈ రంగమున రైతు మీద పడిన మొదటి చట్టబద్ధమైన విధి చంపుట, చెప్పుట కాదు. పొగాకు కషాయము, వేపపిండి, బూడిద ముఖ్యసాధనములుగా నున్న దినములలో ఈ లోపము పెద్దగా బాధింపలేదు.

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట డీడీటీయు, దాని వెనుక ఎండ్రిన్, పారథియాన్ వంటి ఘోరవిషములును పల్లెలకు చేరినవి. ఎండ్రిన్ అను పేరు మన గ్రామములలో విషమునకే మారుపేరుగా నిలిచిపోయినదనిన, ఆ మందు జనజీవనములో ఎంత లోతునకు చొచ్చుకొనిపోయినదో ఊహింపవచ్చును. 1958లో ఓడపై ఆహారధాన్యములతోపాటు వచ్చిన పారథియాన్ చింది పిండిలో కలియగా, ఆ పిండి తిని కేరళలో నూరుమందికి పైగా మరణించిరి. ఆ దుర్ఘటన మీద జరిగిన విచారణ ఫలితముగా, పదేండ్లు గడచిన తరువాత, 1968లో కీటకనాశినుల చట్టము వెలువడినది. అది అమలులోనికి వచ్చినది 1971లో. అదే సంవత్సరము నియమావళియు వచ్చినది.

ఆ నియమావళి చదివినవారికి దానిని కూర్చినవారు శ్రద్ధాళువులనియే తోచును. ప్రతి సీసా మీదను కోణము మీద నిలిపిన చతురస్రమును రెండు త్రిభుజములుగా చీల్చి, క్రింది త్రిభుజమునకు విషతీవ్రతను బట్టి ఎరుపు, పసుపు, నీలము, ఆకుపచ్చ రంగులలో ఒకటి వేయవలెననిరి. అత్యంత తీవ్రమైనదానికి పై భాగమున పుర్రెయు ఎముకలును ముద్రింపవలెననిరి. ప్రాంతీయభాషలో కూడ కరపత్రము జతపరుపవలెననిరి. మందు కొట్టువారికి ఏటేటా వైద్యపరీక్ష జరుగవలెననిరి. రక్షణదుస్తులు, ముక్కుతొడుగులు, ప్రథమచికిత్స ఉండవలెననిరి. నలువదిరెండవ నియమములో తయారీదారులు, పంపిణీదారులు, మందు చల్లు వృత్తిదారులు తమ పనివారికి తగిన శిక్షణ నిప్పింపవలెననియు వ్రాసిరి.

ఇంత వ్రాసిన చేతులే మూలచట్టములో ముప్పదియెనిమిదవ విభాగమును కూడ వ్రాసియుంచినవి. తన ఇంటి అవసరమునకు గాని, పెరటితోటకు గాని, తన సాగులోనున్న భూమికి గాని ఎవరైనను కీటకనాశినిని వాడుకొనినచో ఈ చట్టములో ఏదియు వర్తింపదని దాని సారాంశము. ఇన్‌స్పెక్టరు ప్రతి రైతు చేనిలోనికి చొరబడి వేధింపకుండుటకై అట్లు వ్రాసియుందురు. ఆ సదుద్దేశమును నేను శంకింపను. కాని తన చేనికి తానే మందు కొట్టుకొను రైతునకును, కూలిని పెట్టి కొట్టించు ఆసామికిని నడుమ భేదమే పాటింపని ఆ మినహాయింపు, కూలిజనమును చట్టపు నీడ నుండి పూర్తిగా తప్పించినది. తయారీదారునకు విధి కలదు. విక్రేతకు విధి కలదు. మందు డబ్బా కూలి వీపున కెక్కు నిమిషమున ఎదుట నిలిచియుండు ఆసామికి మాత్రము ఏ విధియు లేదు.

విక్రేతల విషయమున మన నగరమే ముందడుగు వేసినది. 1966లో నెలకొన్న సస్యరక్షణ శిక్షణకేంద్రము నేడు జాతీయ సంస్థగా రాజేంద్రనగరులో పనిచేయుచున్నది. దాని పొరుగుననే యున్న జాతీయ వ్యవసాయ విస్తరణ నిర్వహణ సంస్థ (మేనేజ్) 2003లో ఎరువుల, పురుగుమందుల వ్యాపారులకై ఒక డిప్లొమా పాఠ్యక్రమమును ఆరంభించినది. జ్ఞానము దుకాణపు బల్ల వరకు వచ్చినది. అచటినుండి చేని గట్టునకు రాలేదు.

చేని గట్టున జరుగునది ఏమి? ఓరుగల్లు ప్రాంతమున గాని పాలమూరు సీమలో గాని పత్తిచేనికి మందు కొట్టు దినమున పోయి చూచినచో, పంపు వీపున వేసికొని సాళ్లలో నడచునది మగవాడు. బిందెలతో నీరు మోసి, చిక్కని మందును మూతతో కొలిచి, పుల్లతో కలిపి, పంపులో పోయునది ఆడుకూతురు. పంపు మూత వదులుగా నున్నచో ద్రావణము వీపు మీదుగా కారి చొక్కాను తడుపును. నాజిల్ పూడినచో నోటితో ఊది శుభ్రపరచుట నేటికిని కలదు. 2003లో ఆనాటి ఆంధ్రప్రదేశ్‌లోని పత్తి పల్లెలలో యాభైమంది స్త్రీలు తమకును తమ ఇంటి పురుషులకును కలిగిన బాధలను తామే నమోదు చేయగా, ఆ పరిశీలన 2005లో ప్రకటింపబడినది. నమోదైన 323 సందర్భములలో నూటికి 83.6 వంతున విషలక్షణములు కనబడినవి. మందు కలిపి పంపు నింపు స్త్రీల పని, మందు కొట్టుటతో సమానమైన ప్రమాదము కలదని తేలినది. మిక్కిలి తీవ్రముగా బాధపడినవారిలో సైతము ఒక్కరును వైద్యుని యొద్దకు పోలేదు. నీరు మోసిన స్త్రీని మందు కొట్టిన కూలిగా ఎవరును లెక్కింపరు గనుక, ఆమెకు చెప్పవలెనను ఆలోచనయే ఆసామికి కలుగదు.

ఇదే విషమును తయారుచేయు కర్మాగారములలోని పనివారికి చట్టము వేరొక మర్యాద చేసినది. పురుగుమందుల కర్మాగారము నుండి 1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి విషవాయువు వెలువడి భోపాలును వల్లకాడు చేసిన తరువాత, 1987లో ఫ్యాక్టరీల చట్టమును సవరించి, ప్రమాదములను గూర్చిన సమాచారమును పనివారికిని చుట్టుపట్ల ప్రజలకును విధిగా వెల్లడింపవలెనని శాసించిరి. 2010లో తోటల కార్మికచట్టమునకు చేర్చిన సవరణ మరింత సూటియైనది: టీ, కాఫీ, రబ్బరు తోటల యజమాని మందు కలుపువారికి, చల్లువారికి అందలి ప్రమాదములను నేర్పింపవలెను, ఆరోగ్యపరీక్షలు చేయించి ఆ పత్రమును పనివానికి అందుబాటులో నుంచవలెను, హెచ్చరికలు కట్టవలెను అని అది శాసించెను. కావుననే తోటకూలికి లభించిన హక్కు పత్తికూలికి, మిరపకూలికి ఏల లభింపలేదని అడుగవలసి వచ్చుచున్నది. అన్యదేశములలో ఇట్టి రక్షణ చేనికూలికిని దక్కినది: కాలిఫోర్నియా ద్రాక్షతోటల కూలీలు 1965లో ప్రారంభించిన సమ్మె 1970లో ముగిసినప్పుడు, వారి ఒప్పందములలో పురుగుమందులను గూర్చిన షరతులు చేరినవి. 1992 నాటికి అమెరికా ప్రభుత్వము వ్యవసాయ యజమాని మీదనే శిక్షణభారము నుంచి, మందు కొట్టిన చేనిలోనికి ఎన్ని గంటలవరకు పోరాదో కూలికి తెలుపవలెనని నియమించినది. అంతర్జాతీయ కార్మికసంస్థ 2001లో చేసిన 184వ ఒడంబడిక వ్యవసాయపు పనివారికి ఇట్టి సమాచారమును పొందు హక్కు నొసగినది. భారతదేశము దానిని ధ్రువీకరింపలేదు.

2017లో మన ఆదిలాబాదునకు పొరుగుననున్న యవత్‌మాల్ జిల్లాలో పత్తికి మందు కొట్టినవారు వందలకొలది ఆసుపత్రుల పాలైరి. సుమారు ఇరువదిమంది మరణించిరి. వారిలో కూలికి పోయినవారు అనేకులు. 1968 చట్టమునకు బదులుగా 2008లో ఒక బిల్లును, 2020లో మరియొక బిల్లును రాజ్యసభ ముందుంచిరి. ఏదియు చట్టము కాలేదు. 2025 నవంబరులో అమలులోనికి వచ్చిన వృత్తిభద్రతా స్మృతి సామాన్యముగా పదిమందికి తక్కువ పనివారు గల చోటునకు వర్తింపదు. మన పత్తిచేలలో పదిమంది కూలీలు ఏడాది పొడవున నిలిచియుండు చేను అరుదు.

ఆసామి యనగా జమీందారు కాడనియు, అతడును కౌలురైతే, అప్పులపాలైనవాడే, అనేకసారులు తానే పంపు మోయువాడనియు చెప్పెడి వాదము నిజము. కాని నేను కోరు విధి అతని ధనమును హరించునది కాదు. మందు పేరేమో చెప్పుట, కరపత్రము చదివి వినిపించుట, గర్భిణిని ఆ పనికి పిలువకుండుట, తల తిరిగిన కూలిని ఆసుపత్రికి పంపునపుడు సీసాను వెంట నిచ్చుట: వీనికి ఖర్చు లేదు. ఆ సీసా లేనిచో వైద్యునికి కలుగు చిక్కు సామాన్యమైనది కాదు. మోనోక్రోటోఫాస్ వంటి మందునకు అట్రోపిన్ ప్రాణము నిలుపును, వేరొక జాతి మందునకు అది విరుగుడు కాదు. కొత్త శాసనము కొరకు పార్లమెంటు వైపు చూచుచు కూర్చుండవలసిన అవసరమును లేదు. 1968 చట్టములోని ఇరువదియారవ విభాగము ప్రకారము, విషప్రభావము కలిగిన ప్రతి సందర్భమును తాను పేర్కొనిన వ్యక్తులు తెలియజేయవలెనని రాష్ట్రప్రభుత్వము ప్రకటింపవచ్చును. ఆ ప్రకటనలో వైద్యునితోపాటు కూలిని పెట్టుకొన్న ఆసామిని చేర్చుట సాధ్యమా యని తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ వ్యవసాయశాఖలు న్యాయనిపుణులతో విచారించుట తక్షణ కర్తవ్యము.