వాల్తేరు ఎవరికి దగ్గర?

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన ఎవర్ని కదిపినా ముందు సముద్రం గురించే చెప్తారు. 1970ల్లో చదివిన నేనూ అంతే. సాయంత్రమైతే దిగుడు రోడ్డు పట్టుకుని బీచికి నడిచేవాళ్లం. జేబులో టీకి సరిపడా చిల్లర, ఉప్పుగాలికి అట్టకట్టిన జుట్టు. పాఠాలు మర్చిపోయాను గానీ ఆ గాలి గుర్తుంది.

అయితే ఆ సముద్రం మాకు ఊరికే దొరకలేదు. 1926లో విశ్వవిద్యాలయం మొదలైంది బెజవాడలో. అసలు ఏ ఊళ్లో ఉండాలన్నదే పెద్ద తగువు. చివరికి 1930లో వాల్తేరు చేరింది. తొలి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డిది చిత్తూరు సీమే అయినా, సీమ పిల్లలకి వాల్తేరు చాలా దూరం.

మా హాస్టల్లో అనంతపురం మిత్రుడొకడు మూడ్రోజుల సెలవలొస్తే ఇంటికెళ్లేవాడు కాదు, దారికే సరిపోతాయని. మేం సముద్రాన్ని పొగుడుతుంటే నవ్వేవాడు: "బాగనే ఉండాది లేప్పా, మా ఊరే శానా దూరం."

ఆ మాట అతనికన్నా పాతది. 1937 శ్రీబాగ్ ఒడంబడికలో సీమ నాయకులు అనంతపురంలోనూ విశ్వవిద్యాలయ కేంద్రం ఉండాలని రాయించుకున్నారు. తిరుపతిలో 1954లో వెంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. అనంతపురానికి సొంత విశ్వవిద్యాలయం 1981లో గానీ రాలేదు. అప్పటికి మా చదువులైపోయాయి.